స్పైడర్‌మ్యాన్ 2002, 2012: పీటర్‌కి తండ్రి ఎవరు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 2002లో శామ్ రైమీ తీసిన స్పైడర్‌మ్యాన్ అందరికీ గుర్తుండగానే, పదేళ్ళకే అదే కథని ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ పేరుతో మొదటి నుంచి మళ్ళీ ఎందుకు తీశారు అన్నది ఒకటి. స్క్రిప్ట్ రాయడం నేర్చుకుంటున్నవాళ్ళు ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం పట్టుకోవాలి అన్నది రెండోది. నేను ఇరవై రెండేళ్ళుగా ఎడిటింగ్‌లో ఉన్నాను. ఎక్కువగా సీరియళ్ళు, కొన్ని చిన్న సినిమాలు చేశాను. నా దగ్గర కొత్తగా చేరే అసిస్టెంట్లకి మొదటి నెలలోనే ఈ రెండు సినిమాలూ వరసగా చూపిస్తాను. ఒకే కథ, ఒకే హీరో, దాదాపు ఒకే సంఘటనలు. తేడా ఎక్కడ వచ్చిందో చేత్తో తాకి చూడగలిగినంత స్పష్టంగా కనిపిస్తుంది. ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మొత్తం సినిమాగా 2002 నాటిదే గట్టిది. ప్రేమకథ మాత్రం 2012లో ఎంతో బాగుంది. మొదటిది గట్టిగా నిలబడటానికి కారణం హీరో టోబీ మాగ్వైరో, గ్రాఫిక్సో అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో కారణం వేరు. స్పైడర్‌మ్యాన్ అయ్యే కుర్రాడు పీటర్ పార్కర్‌కి తండ్రి ఎవరు అనే ప్రశ్నకి మొదటి సినిమా ఒక్కటే జవాబు చెప్పింది. రెండోది నలుగురిని చూపించింది. మిగిలిన తేడాలన్నీ అక్కడి నుంచి పుట్టినవే.

ఎందుకు మళ్ళీ తీశారు అన్నదానికి జవాబు కథలో లేదు, కాగితాల్లో ఉంది. స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు 1999 నుంచి సోనీ చేతిలో ఉన్నాయి. ఒప్పందం ప్రకారం నిర్ణీత గడువు దాటకుండా సినిమాలు తీస్తూ ఉండాలి. ఆపేస్తే హక్కులు ఆ కామిక్స్ సంస్థ మార్వెల్‌కి తిరిగి వెళ్ళిపోతాయి. ఆ మార్వెల్‌ని 2009లో డిస్నీ కొనేసింది. ఇక సోనీ ఆ హక్కుల్ని వదులుకునే ప్రసక్తే లేదు. రైమీ మూడు సినిమాలు తీశాక నాలుగోదానికి సిద్ధమయ్యాడు. దాన్ని 2011 మే నెలలో విడుదల చేయాలనుకున్నారు. ఆ తేదీకి తాను కోరుకున్న స్థాయిలో సినిమా ఇవ్వలేనని ఆయన తప్పుకున్నాడు. 2010 జనవరిలో సోనీ ఆ నాలుగో సినిమాని రద్దు చేసి, కొత్త నటులతో, కొత్త దర్శకుడితో మొదటి నుంచి తీస్తామని ప్రకటించింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బ్యాట్‌మ్యాన్‌ని 2005లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అంతకు ముందు 1997లో వచ్చిన సినిమా ఘోరంగా దెబ్బతిని ఉంది. మధ్యలో ఎనిమిదేళ్ళ ఖాళీ. జనం కొత్తదానికి సిద్ధంగా ఉన్నారు. స్పైడర్‌మ్యాన్ సంగతి అలా కాదు. 2007లో వచ్చిన మూడో భాగం విమర్శకులకి అంతగా నచ్చకపోయినా, ప్రపంచవ్యాప్తంగా సుమారు 89 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ మూడింటిలో అదే ఎక్కువ. నడుస్తున్న బండిని ఆపి ఇంజన్ మార్చారన్నమాట. కొత్త దర్శకుడు మార్క్ వెబ్‌కి మొదటి రోజు నుంచే ఆ ఇబ్బంది ఉంది. ప్రేక్షకుడికి ప్రతి మలుపూ ముందే తెలుసు. సాలీడు కుడుతుందని తెలుసు, పీటర్‌ని పెంచిన అంకుల్ బెన్ చనిపోతాడని తెలుసు. ఏదో ఒకటి కొత్తగా చూపించి తీరాలి.

తెలిసిన కథ మళ్ళీ చెప్పడం తప్పేమీ కాదు. మనకంటే ఎక్కువగా ఆ సంగతి ఎవరికి తెలుసు? 1936లోనే తెలుగులో ఒక మాయాబజార్ వచ్చింది. 1957లో కె.వి. రెడ్డి గారు మళ్ళీ తీశారు. ఈ రోజుకీ మనం చూసేది ఆ రెండోదే. అందులో ఒక అద్భుతమైన నిర్ణయం ఉంది. అది పాండవుల ఇంటి పెళ్ళి కథ, కానీ పాండవులు తెర మీద కనిపించరు. అభిమన్యుడి తండ్రి అర్జునుడు ఒక్క ఫ్రేములో కూడా లేడు. ఆ కథకి ఆయన అక్కర్లేదు కాబట్టి లేడు. తెలిసిన కథని తిరిగి చెప్పేవాడికి ఉండాల్సిన మొదటి తెలివి అదే. ఎవరిని తెర మీదికి తీసుకురాకూడదో తెలియాలి.

ఇప్పుడు 2002 సినిమాకి వద్దాం. పీటర్ అసలు తల్లిదండ్రుల గురించి అందులో దాదాపు ఏమీ చెప్పలేదు. వాళ్ళు ఎవరు, ఎలా పోయారు, ఏమీ తెలియదు. వాడు అంకుల్ బెన్, మే ఆంటీ దగ్గర పెరుగుతున్నాడు, అంతే. ఇప్పుడు వరసగా నాలుగు సీన్లు చూడండి. వీటిని నేను గొలుసు అంటాను.

మొదటిది కారులో. పీటర్ లైబ్రరీకని అబద్ధం చెప్పి కుస్తీ పోటీకి బయల్దేరతాడు. దింపడానికి వచ్చిన బెన్ నాలుగు మంచి మాటలు చెబుతాడు. గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత కూడా వస్తుంది అనే ఆ ప్రసిద్ధ వాక్యం ఇక్కడిదే. చాలామంది ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకుంటారు. ఎడిటర్‌గా నాకు దాని తర్వాత వచ్చే మాట ముఖ్యం. నేను నీ తండ్రిని కానని నాకు తెలుసు అని బెన్ అంటే, అయితే తండ్రిలా నటించకు అని పీటర్ విసురుతాడు. బెన్‌గా చేసిన క్లిఫ్ రాబర్ట్‌సన్ ముఖం మీద ఒక్క క్షణం కెమెరా ఆగుతుంది. ఆయన కోప్పడడు, ఏడవడు. నిజమే, నాకు తెలుసు అన్నట్టుగా మెత్తబడి, పది గంటలకి ఇక్కడే ఉంటాను, వచ్చి తీసుకెళ్తాను అంటాడు. ఇద్దరి మధ్య చివరి సంభాషణ అదే.

రెండోది లిఫ్ట్ దగ్గర. రింగులో మూడు నిమిషాలు నిలబడితే మూడు వేల డాలర్లు అని ప్రకటన. పీటర్ అంతకంటే ముందే ప్రత్యర్థిని పడగొట్టేస్తాడు. ఆ సాకుతో పోటీ నడిపేవాడు వంద డాలర్లు చేతిలో పెట్టి పొమ్మంటాడు. డబ్బు అవసరం ఉందని పీటర్ అంటే, అది నాకు సంబంధించిన విషయం కాదంటాడు. నిమిషం తిరక్కుండానే ఒక దొంగ వాడి డబ్బు దోచుకుని లిఫ్ట్ వైపు పరిగెడతాడు. పీటర్ పక్కకి తప్పుకుని దారి ఇస్తాడు. ఎందుకు వదిలేశావని వాడు అరిస్తే, వాడి మాటే వాడికి అప్పజెబుతాడు. థియేటర్‌లో మేమంతా ఆ మాటకి చప్పట్లు కొట్టాం. ఇదే ఆ సీన్‌లోని గొప్పతనం. తప్పు చేసింది పీటర్ ఒక్కడే కాదు, మనం కూడా చేశాం. మన చేత చప్పట్లు కొట్టించి, అయిదు నిమిషాల్లో రోడ్డు మీద రక్తంలో పడి ఉన్న బెన్‌ని చూపిస్తాడు రైమీ. తర్వాత పాడుబడ్డ భవనంలో హంతకుడి ముఖం మీద వెలుతురు పడి, వాడే లిఫ్ట్ దొంగ అని తెలిసినప్పుడు మన కడుపులోనూ ఏదో తిరుగుతుంది.

మూడోది చిన్న సీన్, చాలామందికి గుర్తుండదు. స్కూలు చదువు పూర్తయిన రోజు ఇంట్లో మే ఆంటీతో పీటర్ మాట్లాడతాడు. చివరిసారి అంకుల్ ఏదో ముఖ్యమైన మాట చెప్పబోతే దాన్ని ఆయన మొహాన కొట్టాను అని బాధపడతాడు. ఆవిడ ఓదారుస్తుంది. దొంగని వదిలేసిన సంగతి మాత్రం చెప్పడు. ఆ బాకీ వాడి లోపలే ఉండిపోయింది. అదే రోజు స్నేహితుడి తండ్రి నార్మన్ ఆస్‌బోర్న్ దగ్గరికి వచ్చి, నువ్వు మా ఇంటివాడివే అన్నట్టు మాట్లాడతాడు. ఖాళీగా ఉన్న తండ్రి కుర్చీలో కూర్చోవడానికి ఇంకొకడు వస్తున్నాడు.

నాలుగోది క్లైమాక్స్. విలన్ గ్రీన్ గాబ్లిన్ ముసుగు తీస్తే నార్మన్. ఓడిపోయే దశలో, నేను నీకు తండ్రిలా ఉన్నాను, ఇప్పుడు నువ్వు నాకు కొడుకుగా ఉండు అని చేయి చాపుతాడు. నాకు తండ్రి ఉన్నాడు, ఆయన పేరు బెన్ పార్కర్ అంటాడు పీటర్.

కారులో తెగిపోయిన మాట ఇక్కడ అతుక్కుంది. మధ్యలో గంటకి పైగా సినిమా నడిచింది, వంతెనలు, పేలుళ్ళు, ముద్దులు అన్నీ అయ్యాయి. ఆ ఒక్క దారం మాత్రం తెగలేదు. బెన్‌ని తండ్రి కాదన్న కుర్రాడు, ఆయన లేనప్పుడు, ఆయనకి వినబడనప్పుడు తండ్రి అని ఒప్పుకున్నాడు. నేను ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆ డైలాగ్ దగ్గర ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. మా నాన్నగారితో నేనూ కొన్ని మాటలు అన్నాను, వెనక్కి తీసుకునేలోపే ఆయన వెళ్ళిపోయారు.

2012 సినిమా మొదలే అసలు తండ్రితో. చిన్న పీటర్ దాగుడుమూతలు ఆడుతూ తండ్రి గదిలోకి వెళ్తే అంతా చిందరవందరగా ఉంటుంది. రిచర్డ్ పార్కర్, భార్యతో కలిసి పిల్లాడిని అన్న ఇంట్లో వదిలేసి రాత్రికి రాత్రే మాయమవుతాడు. పోస్టర్ల మీద కూడా ఇప్పటిదాకా చెప్పని కథ అనే అర్థం వచ్చే మాట వేశారు. పెద్దయ్యాక పీటర్‌కి ఇంటి కింది గదిలో తండ్రి పాత బ్రీఫ్‌కేస్ దొరుకుతుంది. అందులోని ఫోటో పట్టుకుని, తండ్రితో పనిచేసిన డాక్టర్ కర్ట్ కానర్స్‌ని వెతుక్కుంటూ ఆస్కార్ప్ కంపెనీకి వెళ్తాడు. అక్కడే సాలీడు కుడుతుంది. వినడానికి బాగుంది. ఏదో యాత్రకి వెళ్ళి కుట్టించుకున్నదానికంటే, తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళి కుట్టించుకోవడంలో బలం ఉంది. ఆ ఎత్తుగడని నేను తక్కువ చేయను.

చిక్కు తర్వాత వస్తుంది. తండ్రి కాగితాల్లోని లెక్కని పీటర్ కానర్స్‌కి ఇస్తాడు. దాంతోనే కానర్స్ మందు తయారుచేసి, బల్లి రూపంలోని విలన్ లిజార్డ్ అవుతాడు. అంటే పీటర్ నెత్తి మీద ఒక బాకీ పడింది. ఆ ప్రయోగశాలలో ఉండిపోయి మే ఆంటీని తీసుకురావడం మర్చిపోతాడు. బెన్ తిడతాడు, నీ తండ్రి బాధ్యత తెలిసిన మనిషి అంటాడు. అయితే ఆయన ఎక్కడున్నాడు, ఎందుకు నాకు చెప్పలేదు అని అరిచి, తలుపు అద్దం పగిలేలా విసిరి పీటర్ వెళ్ళిపోతాడు. ఆండ్రూ గార్‌ఫీల్డ్, మార్టిన్ షీన్ ఇద్దరూ ప్రాణం పెట్టి చేశారు ఆ సీన్. విడిగా తీసి చూస్తే కారు సీన్‌కంటే నటన బాగుందని కూడా ఒప్పుకుంటాను. కానీ గొడవ దేని గురించో చూడండి. గొడవంతా రిచర్డ్ గురించి. ఎదురుగా ఉన్న బెన్ మీద కాదు, లేని తండ్రి మీద కోపం. అందుకే బెన్ పోయినప్పుడు మనకి జాలి కలుగుతుంది, అపరాధ భావం మాత్రం అంతగా తగలదు.

దుకాణం సీన్ కూడా అంతే. పీటర్ పాల సీసా కొనబోతే రెండు సెంట్లు తగ్గుతాయి. కౌంటర్ దగ్గరున్నవాడు ఇవ్వనంటాడు. వెనక వచ్చినవాడు డబ్బు దోచుకుని, పోతూ పోతూ ఆ సీసా పీటర్ చేతిలోకి విసురుతాడు. పట్టుకోమని దుకాణంవాడు అడిగితే, అది నా పని కాదన్నట్టు పీటర్ వెళ్ళిపోతాడు. కొడుకుని వెతుక్కుంటూ వచ్చిన బెన్ ఆ దొంగతో పెనుగులాడి తూటాకి బలవుతాడు. ఒక విషయంలో ఇది 2002 కంటే బాగా రాశారు. ఇక్కడ బెన్ వాడి కోసమే వీధిలోకి వచ్చాడు, అది యాదృచ్ఛికం కాదు. కానీ పీటర్‌కి జరిగిన అన్యాయం రెండు సెంట్లది. అక్కడ మూడు వేల డాలర్ల మోసం. ప్రేక్షకుడు పీటర్ పక్షాన నిలబడి చప్పట్లు కొట్టడానికి రెండు సెంట్లు చాలవు. మనం ఆ తప్పులో భాగం కాలేదు. దూరంగా నిలబడి ఒక కుర్రాడు పొరపాటు చేయడం చూశాం.

తర్వాత నలభై నిమిషాలు చాలా ఆసక్తిగా నడుస్తుంది. మణికట్టు మీద నక్షత్రం పచ్చబొట్టు ఉన్న హంతకుడి కోసం పీటర్ రాత్రులు వీధులు గాలిస్తాడు. వాడిది న్యాయం కాదు, సొంత పగ అని, పీటర్ ప్రేమించే గ్వెన్ తండ్రి, పోలీసు అధికారి కెప్టెన్ స్టేసీ భోజనం బల్ల దగ్గర వాడి ముఖం మీదే అంటాడు. ఆ రాత్రే విలియమ్స్‌బర్గ్ వంతెన మీద, కిందికి వేలాడుతున్న కారులో ఒక పిల్లాడు చిక్కుకుంటాడు. పీటర్ తన ముసుగు తీసి వాడికిచ్చి, పెట్టుకో, ధైర్యం వస్తుంది అంటాడు. పగ పట్టుకున్న కుర్రాడు రక్షకుడైన క్షణం అది. రెండు సినిమాల్లో కలిపి నాకు బాగా ఇష్టమైన అయిదు సీన్లలో అది ఒకటి. అయితే ఆ తర్వాత హంతకుడి ఊసే లేదు. పగ నుంచి బయటపడ్డాడు కాబట్టి అక్కర్లేదని వాదించవచ్చు, ఆ వాదన తప్పని నేను అనను. కానీ వదిలేశాను అని పీటర్ చేత ఒక్క చూపుతోనైనా చెప్పించి ఉండాలి. చెప్పించలేదు కాబట్టి మర్చిపోయినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు తండ్రుల్ని లెక్కపెట్టండి. వదిలేసి వెళ్ళిన రిచర్డ్. పెంచిన బెన్. తండ్రి స్నేహితుడు, పీటర్‌ని చేరదీసిన కానర్స్. గ్వెన్ తండ్రి స్టేసీ. నలుగురూ మంచి పాత్రలే. నలుగురికీ పీటర్ ఏదో ఒకటి బాకీ పడ్డాడు. రిచర్డ్ రహస్యం తేల్చాలి, బెన్ చావుకి బదులు చెప్పాలి, కానర్స్‌ని లిజార్డ్ చేసింది తానే కాబట్టి ఆపాలి, స్టేసీకి ఇచ్చిన మాట నిలబెట్టాలి. రెండుంపావు గంటల సినిమాలో నాలుగు బాకీలూ తీరవు. రిచర్డ్ సంగతి రెండో భాగానికి వాయిదా వేశారు. బెన్ సంగతి చివర్లో ఫోన్‌లో మిగిలిన ఆయన గొంతుతో ముగించారు. ఆ వాయిస్ మెసేజ్ వెనక జేమ్స్ హార్నర్ సంగీతం మనసుని పిండేస్తుంది, అబద్ధం చెప్పను. కానీ అక్కడ మాట్లాడేది బెన్, పీటర్ వింటాడు. 2002లో మాట్లాడింది పీటర్. కథానాయకుడు చెప్పాల్సిన మాటని ఫోన్ చెబితే బాకీ తీరినట్టు కాదు.

తెగిన దారాల గురించి ఒక మాట. మనకి ఇర్ఫాన్ ఖాన్ సైనికుడు సినిమాతో కూడా తెలిసిన నటుడు. ఇందులో ఆయన ఆస్కార్ప్ అధికారి రాజిత్ రాథా. మందుని త్వరగా మనుషుల మీద ప్రయోగించమని కానర్స్‌ని ఒత్తిడి పెట్టేది ఈయనే. వంతెన మీద కారులో లిజార్డ్ దాడికి గురైన తర్వాత ఆ పాత్ర ఏమైందో సినిమా చెప్పదు. అంత గొప్ప నటుడు, కథని ముందుకు నెట్టిన పాత్ర, ఒక ముగింపు షాట్ కూడా లేదు. ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన నొప్పి. ఒక ఉపకథని తగ్గించమంటారు, తగ్గిస్తాం, దాని వేళ్ళు మిగతా సీన్లలో పాతుకుని ఉంటాయి. పైకి కనిపించే కొమ్మ కోసినా వేరు కనబడుతూనే ఉంటుంది. ఈ సినిమాకి ముగ్గురు ఎడిటర్లు పనిచేశారు, అందులో పియెట్రో స్కాలియాకి అప్పటికే రెండు ఆస్కార్లు ఉన్నాయి. నైపుణ్యం లోపం కాదు. స్క్రిప్టులో ఎక్కువైన తండ్రిని ఎడిటింగ్‌లో పూర్తిగా తీసేయడం ఎవరి వల్లా కాదు.

విలన్ల గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరూ శాస్త్రవేత్తలే, ఇద్దరినీ పైవాళ్ళు తొందరపెడతారు, ఇద్దరూ మందు తమ మీదే ప్రయోగించుకుంటారు. కథని మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టినా ఇక్కడ పాత బాటే. గాబ్లిన్ ముసుగు కదలని ప్లాస్టిక్ ముఖమే, కానీ విల్లెం డఫో అద్దం ముందు తనతో తానే మాట్లాడుకునే సీన్ ఒక్కటి చాలు. రైస్ ఇఫాన్స్ మనిషిగా ఉన్నంతసేపు ఎంతో దిగులుగా, నమ్మకంగా ఉంటాడు. బల్లిగా మారాక ఆ దిగులంతా పోయి, ఊరందరినీ బల్లులుగా మారుస్తాననే పథకం మిగులుతుంది.

గ్వెన్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. 2002లో పీటర్ ప్రేమించే మేరీ జేన్‌కి, వాడే స్పైడర్‌మ్యాన్ అనే నిజం తెలియదు. ఆమెను ఎత్తుకెళ్తారు, వేలాడదీస్తారు, పీటర్ కాపాడతాడు. కిర్‌స్టెన్ డన్‌స్ట్ బాగా చేసింది, తాగుబోతు తండ్రి ఉన్న ఇంటి పిల్ల దిగులు ఆమె కళ్ళలో ఉంది, కానీ రచయిత ఆమెకి పని ఇవ్వలేదు. వానలో తలకిందుల ముద్దు ప్రపంచమంతా గుర్తుపెట్టుకుంది సరే, ఆ ముద్దు ఎవరికి పెట్టిందో కూడా ఆమెకి తెలియదు. 2012లో సగం సినిమాకే పీటర్ గ్వెన్‌కి చెప్పేస్తాడు. సరిగ్గా చెప్పాలంటే మాటలు రాక, సాలెతీగ వేసి దగ్గరికి లాక్కుంటాడు. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి పనిచేస్తారు. విరుగుడు మందు తయారుచేసేది గ్వెనే. లిజార్డ్ వస్తున్నాడని తెలిసి కూడా ఆస్కార్ప్ నుంచి కదలదు. మార్క్ వెబ్ అంతకు ముందు 2009లో ఒక ప్రేమకథ తీసి పేరు తెచ్చుకున్నవాడు. ఇద్దరు మనుషులు మాట తడబడటాన్ని ఎలా తీయాలో ఆయనకి బాగా తెలుసు. స్కూలు వరండాలో వాళ్ళిద్దరూ కలుద్దామా అని వాక్యం పూర్తిచేయకుండా మాట్లాడుకునే సీన్ చూడండి. కట్లు ఎంత ఓపికగా ఉన్నాయో. నటులు తడబడుతుంటే మధ్యలో కట్ చేయకుండా ఆగడానికి ఎడిటర్‌కి గుండె కావాలి.

సాలెతీగ సంగతి కూడా చెప్పాలి. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన పీటర్ తీగ విసిరే యంత్రాన్ని సొంతంగా చేసుకుంటాడు. రైమీ దాన్ని ఒంట్లోంచే వచ్చేలా మార్చాడు, వెబ్ మళ్ళీ యంత్రానికి వచ్చాడు. కామిక్స్ అభిమానులు దీని మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. నా దృష్టిలో రెండూ తమ తమ కథలకి సరిపోయాయి. రైమీ పీటర్‌కి శక్తి అనేది ఒంట్లో వచ్చిన మార్పు, ఎదిగే వయసులాగా తప్పించుకోలేనిది. వెబ్ పీటర్ తెలివైన కుర్రాడు, తలుపు గడియ కూడా మోటారుతో పనిచేసేలా తయారుచేసుకున్నవాడు. వాడికి యంత్రమే న్యాయం.

ఊరు హీరోకి సాయం చేసే సీన్ రెండిట్లోనూ ఉంది. 2002లో క్వీన్స్‌బరో వంతెన మీద జనం గాబ్లిన్ మీదికి చేతికి దొరికింది విసురుతారు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత ఆ నగరానికి ఆ సీన్ ఎంత అవసరమో ఊహించుకోండి. ఆ సినిమా తొలి టీజర్‌లో రెండు టవర్ల మధ్య అల్లిన సాలెగూడు ఉండేది, దాడుల తర్వాత దాన్ని ఉపసంహరించుకున్నారు. 2012లో కాలికి గాయమైన స్పైడర్‌మ్యాన్ ఆస్కార్ప్‌కి చేరుకోవాలి. వంతెన మీద వాడు కాపాడిన పిల్లాడి తండ్రి క్రేన్లు నడిపేవాడు. తోటివాళ్ళకి ఫోన్లు చేసి, వీధి పొడవునా క్రేన్ల చేతులన్నీ వరసగా తిప్పించి దారి వేయిస్తాడు. కొంతమందికి అది అతిగా అనిపించింది. నాకు మాత్రం ఆ సినిమాలో పూర్తిగా తీరిన బాకీ అదొక్కటే. ముందు విత్తనం వేశారు, తర్వాత కాయ కోశారు. అక్కడ 2012 సినిమా 2002ని దాటింది.

ముగింపులు చూస్తే మళ్ళీ మొదటికే వస్తాం. 2002లో శ్మశానంలో మేరీ జేన్ తన ప్రేమ చెబుతుంది. సినిమా అంతా ఎదురుచూసిన మాట. పీటర్ కాదని నడిచి వెళ్ళిపోతాడు. బెన్ నేర్పిన పాఠానికి వాడు చెల్లించిన మూల్యం అది, మన కళ్ళ ముందే చెల్లించాడు. 2012లో చావు బతుకుల మధ్య స్టేసీ, నా కూతురిని ఇందులోకి లాగొద్దు అని మాట తీసుకుంటాడు. పీటర్ కొన్నాళ్ళు దూరంగా ఉంటాడు. చివరి నిమిషంలో క్లాసులో, నిలబెట్టుకోలేని మాటలే మంచి మాటలన్నట్టు గ్వెన్‌కి వినబడేలా అంటాడు. ఆమె నవ్వుతుంది, మనం నవ్వుతాం. ఆ నవ్వు అందమైనదే, కానీ పది నిమిషాల క్రితం చనిపోయిన మనిషికి ఇచ్చిన మాట అది. 2014లో వచ్చిన రెండో భాగం ఆ బాకీని వడ్డీతో సహా వసూలు చేసింది. గడియారపు గోపురంలో గ్వెన్ మరణం, 1973 కామిక్స్ నుంచి తీసుకున్నది, వెబ్ తీసిన రెండు సినిమాల్లోనూ అన్నిటికంటే బలమైన ఘట్టం. అంటే వెబ్ నాటిన విత్తనం మంచిదే. కాయడానికి ఇంకో సినిమా పట్టింది, అప్పటికి ప్రేక్షకులు తగ్గారు. 2002 సినిమా సుమారు 82 కోట్ల డాలర్లు, 2012 సినిమా సుమారు 75 కోట్లు, 2014 సినిమా సుమారు 71 కోట్లు వసూలు చేశాయి. 2015లో సోనీ మార్వెల్‌తో చేతులు కలిపి టామ్ హాలండ్‌ని తీసుకుంది. 2017 నాటి సినిమాలో సాలీడు కుట్టే సీన్ లేదు, బెన్ మరణం లేదు. రెండుసార్లు చెప్పిన కథని మూడోసారి చెప్పకూడదని వాళ్ళకి అర్థమైంది.

2021లో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లూ కలిసిన సినిమాలో, పై నుంచి పడిపోతున్న అమ్మాయిని గార్‌ఫీల్డ్ పీటర్ దూకి పట్టుకుంటాడు. కింద నిలబెట్టి బాగున్నావా అని అడిగేటప్పుడు వాడి ముఖం చూడండి. గ్వెన్‌ని పట్టుకోలేకపోయిన ఏడేళ్ళ తర్వాతి ముఖం అది. అంతవరకూ గార్‌ఫీల్డ్‌ని పక్కన పెట్టిన మా అసిస్టెంట్లు కూడా ఆ షాట్ చూశాక 2012 సినిమా మళ్ళీ చూడాలని అడిగారు.

మీరు మొదలుపెట్టాల్సింది 2002 నుంచే. కానీ సినిమా మొత్తం ఒకేసారి కాదు. ముందు కారు సీన్, లిఫ్ట్ సీన్ చూసి ఆపండి. తర్వాత 2012లో ఇంట్లో గొడవ, దుకాణం సీన్ చూడండి. రెండోసారి ఆ నాలుగు సీన్లనీ సౌండ్ తీసేసి చూడండి. ప్రతి కట్ దగ్గరా కెమెరా ఎవరి ముఖం మీద ఆగుతోందో, ఎన్ని సెకన్లు ఆగుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. అయ్యాక ఆ లెక్క ఇక్కడ పెట్టండి, బెన్ ముఖం దగ్గర మీకు ఎంత వచ్చిందో నాకు చూడాలనుంది.